కరోనా కాలంలో కచేరీ పనులు, ఊరి పండుగలు

(మెట్టుగూడలో జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం ‘కరోనా కాలంలో స్థానిక పరిపాలన’. విషయం పెద్దది. ఇచ్చిన సమయం అరగంట. పైగా వెనుక వంటల దగ్గర నుంచి పులిహోర వాసన ఇప్పటికే వస్తున్నది. కాబట్టి ఆ జబ్బు ఎక్కడ పుట్టింది, ఎలా వచ్చింది అనే జోలికి పోను. అవన్నీ మీరు టీవీలో విసుగు పుట్టేంత విన్నారు. ఊరంతా తలుపులు మూసుకున్నప్పుడు ఆఫీసు కౌంటరు ఏమయింది, రోజువారీ పనులు ఎలా నడిచాయి, నలుగురూ కలిసి చేసుకునే పండుగలు ఏమయ్యాయి, ఇంతవరకే మనవి చేస్తాను. నేను పురపాలక శాఖలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయిన వాణ్ణి. సర్వీసులో ఎక్కువ భాగం జనన మరణాల రిజిస్టర్ల మధ్యనే గడిచింది. అందువల్ల నా చూపు ఎప్పుడూ కౌంటరు కిటికీ లోపలి నుంచే ఉంటుంది. అది మీరు గమనంలో ఉంచుకోవాలి.

ముందుగా మన లష్కర్ సంగతి. అంటువ్యాధి అనేది సికింద్రాబాదుకు 2020లో కొత్తగా వచ్చిన చుట్టం కాదు. 1813లో ఇక్కడ గత్తర వచ్చింది. పటాలంలో డోలీ మోసే సురటి అప్పయ్య అప్పుడు ఉజ్జయినికి బదిలీ అయి ఉన్నాడనీ, ఊరిలో గత్తర తగ్గితే అమ్మవారికి ఇక్కడ గుడి కట్టిస్తానని అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడనీ, 1815లో తిరిగి వచ్చి కొయ్య విగ్రహాన్ని ప్రతిష్ఠించాడనీ ఉజ్జయిని మహంకాళి ఆలయ చరిత్ర చెబుతున్నది. అంటే మనం ఏటా ఆషాఢంలో ఎత్తుకునే లష్కర్ బోనానికి మూలం ఒక అంటువ్యాధే. తరువాత 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది కూడా ఈ సికింద్రాబాదులోనే. బొంబాయిలో ప్లేగు ప్రబలినందువల్ల అంటువ్యాధుల చట్టం పుట్టింది కూడా అదే 1897లో. నూట ఇరవై మూడేళ్ళ తరువాత, 2020 మార్చిలో, మన రాష్ట్ర ప్రభుత్వం లాక్‌డౌన్ ప్రకటించింది ఆ పాత చట్టం కిందనే. పుట్టినప్పుడు ఆ చట్టం మొత్తం నాలుగు సెక్షన్లు. ఒక్క కాగితంలో పట్టేది. మా రోజుల్లో ఒక సైకిల్ స్టాండు వేలం పాటకు ఇంతకంటే ఎక్కువ షరతులు రాసేవాళ్ళం.

ఇంకో ముచ్చట. 2020లో మా మనవడు ‘తాతయ్యా, క్వారంటైన్ అంటే ఏమిటి’ అని అడిగాడు. ‘నీకు తెలిసిన మాటేరా, కోరంటి’ అన్నాను. 1915లో ఎర్రన్నగుట్ట దగ్గర అంటురోగులను విడిగా ఉంచడానికి పెట్టిన ఆసుపత్రి తరువాత నల్లకుంటకు వచ్చింది. క్వారంటైన్ అనే మాట జనం నోట్లో నలిగి కోరంటి అయింది. అదే ఈనాటి ఫీవర్ ఆసుపత్రి. మన పెద్దలకు ఈ మాట తెలుసు, ఈ భయం తెలుసు. మధ్యలో ఒకటి రెండు తరాలం మరిచిపోయి బతికాం, అంతే.

సరే, 2020కి వద్దాం. మార్చి 2న తెలంగాణలో మొదటి కేసు తేలింది. మన పక్కనున్న గాంధీ ఆసుపత్రిలో వైద్యం జరిగింది. మార్చి 22న జనతా కర్ఫ్యూ, వెంటనే లాక్‌డౌన్. రైలు కూత వినకుండా నిద్రపట్టని మెట్టుగూడలో రైళ్ళు ఆగిపోయాయి. నాకు తెలిసిన రిటైర్డు గార్డుగారు ఒకరు, ‘సమ్మెలో కూడా ఇంత నిశ్శబ్దం చూడలేదండీ’ అన్నారు. మళ్ళీ జనంతో నిండిన రైలు కదిలింది మే 1న. లింగంపల్లి నుంచి జార్ఖండులోని హటియాకు, సుమారు పన్నెండు వందల మంది వలస కూలీలతో. దేశం మొత్తం మీద మొదటి శ్రామిక రైలు అదే. మన దక్షిణ మధ్య రైల్వే నుంచే బయలుదేరింది. ఈ సభలో సగం మంది రైల్వే వాళ్ళు కాబట్టి ఈ మాట చెప్పకుండా ముందుకు పోలేను.

ఇక పండుగలు. ఏప్రిల్ 2న శ్రీరామనవమి. భద్రాచలంలో సీతారాముల కల్యాణం భక్తులు లేకుండా గుడి లోపలే జరిగింది. మనం ఇంట్లో టీవీ ముందు అక్షతలు వేసుకున్నాం. ఆ నెలలోనే ఈస్టర్ వచ్చింది. చర్చీలు మూసి ఉన్నాయి. రంజాను నమాజులు ఇళ్ళలోనే చదువుకున్నారు. జూన్‌లో బోనాల మాట వచ్చినప్పుడు మంత్రిగారు ఆలయ కమిటీలతో, అధికారులతో ముందుగానే సమావేశం పెట్టి, ఊరేగింపులు ఉండవు, గుడిలో పూజలు పూజారులు చేస్తారు, బోనం మీ ఇంట్లోనే సమర్పించుకోండి అని తేల్చి చెప్పారు. జులై 12న లష్కర్ బోనాలు, మరునాడు రంగం, రెండూ జనం లేకుండా జరిగాయి. రంగం రోజు ఆ గుడి ముందు సందులు ఖాళీగా ఉండటం ఊహకు కూడా అందని విషయం. ఆగస్టులో వినాయక చవితి. అంతకు ముందు సంవత్సరం 61 అడుగులున్న ఖైరతాబాద్ గణపతి ఆ ఏడు ధన్వంతరి రూపంలో 9 అడుగులకు దిగివచ్చాడు.

దీని మీద నా అభిప్రాయం చెబుతాను. పండుగలు ఆపడం కష్టమనీ, ఆఫీసు పనులు సర్దుకోవడం తేలికనీ అందరూ అనుకున్నారు. జరిగింది తలకిందులు. పండుగ విషయంలో జనం మాట విన్నారు. ఎందుకు విన్నారు? చెప్పింది ముందుగా చెప్పారు, అందరికీ ఒకటే చెప్పారు, బదులుగా ఏం చేసుకోవాలో కూడా చెప్పారు. ‘బోనం వద్దు’ అనలేదు, ‘ఇంట్లో చేసుకోండి’ అన్నారు. గత్తరను తగ్గించమని మొక్కి మొదలుపెట్టిన పండుగను, ఇంకో గత్తర రోజున ఇంట్లో చేసుకోమంటే మా ఇంట్లో ఆడవాళ్ళు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. మేడ మీద వేపమండలు కట్టి, కుండకు పసుపు కుంకుమ పెట్టి, అక్కడి నుంచే మహంకాళి గుడి దిక్కుకు తిరిగి దండం పెట్టుకున్నారు.

ఆఫీసు పనుల సంగతి వేరు. అక్కడ రెండు భాగాలు చూడాలి.

మొదటిది ఎప్పుడూ ఆగని పని. చెత్త ఎత్తే బండి. నేను నా కళ్ళతో చూసిన మాట చెబుతున్నాను. లాక్‌డౌన్‌లో మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా మా వీధికి ఆ బండి రాని రోజులు వేళ్ళ మీద లెక్క పెట్టవచ్చు. నల్లా నీళ్ళు వచ్చాయి. వీధి దీపాలు వెలిగాయి. అయిదు రూపాయల అన్నపూర్ణ భోజనం ఆ రోజుల్లో ఉచితంగా పెట్టారు. రేషను కార్డు ఉన్న ఇళ్ళకు మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు అన్నారు. కార్డు లేని వలస కూలీకి 12 కిలోలు, 500 రూపాయలు అన్నారు. ఏప్రిల్‌లో నగర పారిశుధ్య కార్మికులకు 7,500 రూపాయల ప్రోత్సాహకం ప్రకటించారు. నవంబరులో వారి నెల జీతం 14,500 నుంచి 17,500కు పెంచారు. ఈ పెంపు ఎన్నికల ముందు వచ్చిందని అన్నవారున్నారు. ఎప్పుడు వస్తేనేం, ఆ చేతులకు చేరింది, సంతోషం. మనమంతా ఆ రోజుల్లో బాల్కనీల్లో నిలబడి చప్పట్లు కొట్టాం గానీ, ఆ బండి తోలే మనిషికి మంచినీళ్ళ సీసా ఇచ్చిన ఇళ్ళు ఎన్ని? మా వీధిలో రెండు. అందులో ఒకటి మన కోశాధికారిగారిది, ఆయన వద్దంటున్నా చెబుతున్నాను.

రెండవ భాగం కౌంటరు పని. దరఖాస్తు, సర్టిఫికెట్, పన్ను, పేరు మార్పు, వారసత్వం. ఇది ‘అత్యవసరం కాదు’ అన్నారు. ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. అత్యవసరమా కాదా అని నిర్ణయించేది ఎవరు? ఆరోగ్యంగా ఉన్న మనిషికి జనన సర్టిఫికెట్ నెల ఆలస్యమైతే ఏమీ కాదు. భర్త పోయిన ఇల్లాలికి మరణ సర్టిఫికెట్ నెల ఆలస్యమైతే ఆ నెల ఇంట్లో పొయ్యి సంగతి ఏమిటి?

కౌంటర్లు మూసినవి మూశారు. పన్నులకు గడువులు పొడిగించారు. పాత బకాయిల వడ్డీలో 90 శాతం మాఫీ అని ఆగస్టులో పథకం పెట్టారు. అది మంచిదే. ఇంట్లో కూర్చుని ఫోనులో కట్టగలిగిన వారు కట్టారు. ఇంతలో అక్టోబరు 13న కుండపోత వాన కురిసింది. నగరంలో కాలనీలకు కాలనీలు మునిగాయి. బాధితులకు ఇంటికి 10,000 రూపాయలు అన్నారు. మొదట చేతికి ఇచ్చారు. అందలేదని గొడవలయ్యాక, మీ సేవలో దరఖాస్తు పెట్టుకోమన్నారు. నవంబరు నెల, కరోనా ఉన్న కాలం. మీ సేవ కేంద్రాల ముందు తెల్లవారుజాము నుంచే వేలమంది బారులు తీరారు. వరుసలో నిలబడి ప్రాణం పోయిన ఇల్లాలు కూడా ఉంది. నవంబరు 18న, ఎన్నికల కోడ్ వచ్చిందని రాష్ట్ర ఎన్నికల సంఘం ఆ పంపిణీ ఆపమంది. రాత్రి నుంచి నిలబడ్డవాళ్ళు ఉత్త చేతులతో ఇంటికి పోయారు. జులైలో అమ్మవారి గుడి ముందు పదిమంది కూడకూడదని చెప్పి ఒప్పించిన పరిపాలనే, నాలుగు నెలల తరువాత తానే ఇంత జనాన్ని ఒక కిటికీ ముందు నిలబెట్టింది. ఎవరికీ దురుద్దేశం లేదు. ‘రొటీన్ పని’ అనేసరికి అందులో జనం ఉంటారని ఎవరికీ తోచలేదు, అంతే.

ఎన్నికలు మాత్రం ఆపలేదు. 2020 డిసెంబరు 1న అప్పటి 150 వార్డులకూ పోలింగ్ జరిగింది. అంతకు ముందు రెండుసార్లు యంత్రాలతో జరిగిన ఎన్నిక ఈసారి కాగితం బ్యాలెట్టుకు తిరిగి వచ్చింది. యంత్రం మీట అందరూ నొక్కుతారు గనుక అంటుకుంటుందని ఒక కారణం చెప్పారు. బ్యాలెట్ పెట్టె, ముద్ర కొట్టే కర్ర చూసి మాబోటి పాత ఎన్నికల సిబ్బందికి ప్రాణం లేచివచ్చింది. కరోనా వల్ల జనం రారని భయపడ్డారు. పోలింగు 46.55 శాతం. 2016లో 45.29 శాతం. అంటే కరోనా ఉన్నా మన బద్ధకం కరోనా కంటే పాతదని తేలింది. కొత్త పాలకమండలి 2021 ఫిబ్రవరిలో మేయరును ఎన్నుకుంది గానీ, సర్వసభ్య సమావేశం జూన్ ఆఖరుకు గానీ జరగలేదు. అదీ వీడియో ద్వారా. 5,600 కోట్ల బడ్జెట్టును కార్పొరేటర్లు తమ తమ ఇళ్ళలో, ఆఫీసుల్లో తెరల ముందు కూర్చుని ఆమోదించారు. పనికి అడ్డం రాలేదు, నిజమే. కానీ కౌన్సిల్ హాలు గ్యాలరీలో కూర్చుని తన వార్డు మురికికాలువ సంగతి ఎవరు ఎత్తుతారో చూసే మామూలు మనిషికి అక్కడ చోటు లేకపోయింది. నా సర్వీసులో ఎన్నో కౌన్సిల్ సమావేశాలు చూశాను. గ్యాలరీలో నలుగురు మనుషులుంటే సభ్యుడి గొంతు మారుతుంది.

ఇప్పుడు నా మనసులో అన్నిటికంటే బరువుగా ఉన్న విషయానికి వస్తాను.

2021 మే. రెండో విడత. మే 12 నుంచి మళ్ళీ లాక్‌డౌన్. ఉదయం 6 నుంచి 10 గంటల వరకే సడలింపు. ప్రభుత్వ కార్యాలయాలు 33 శాతం సిబ్బందితో పనిచేయాలని ఉత్తర్వు. మీరంతా ఆఫీసుల్లో పనిచేసిన వాళ్ళే, ఒక్క క్షణం ఆలోచించండి. ఆఫీసు తెరిచేది పదిన్నరకు. జనం బయట తిరగవచ్చునన్నది పదింటి వరకు. కౌంటరు తెరుచుకునే వేళకు, ఆ కౌంటరు అవసరమున్న మనిషి రోడ్డు మీద ఉండకూడదు. ఉత్తర్వు రాసినవారు రెండు వాక్యాలూ ఒకే కాగితం మీద రాశారు. రెండూ విడివిడిగా చూస్తే సబబే. కలిపి చదివినవారు లేరు. మే 31 నుంచి సడలింపు మధ్యాహ్నం ఒంటిగంట దాకా, జూన్ 10 నుంచి సాయంత్రం 5 దాకా పెంచారు. జూన్ 19తో అంతా ఎత్తేశారు. కానీ ఆ మధ్యలో పోయినవారు ఎక్కువ.

మా వీధిలో ఒక చెల్లెలి భర్త ఆ మే నెలలో పోయాడు. పెన్షనరు. పేర్లు వద్దు. పరీక్షలో పాజిటివ్ వచ్చిన పందొమ్మిదో రోజున ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పోయాడు. పిల్లలు పరాయి దేశంలో ఉన్నారు, విమానాలు లేవు. శ్మశానానికి వెళ్ళింది ముగ్గురం. పదిహేను రోజుల తరువాత ఆమె గేటు అవతల నిలబడి, ‘అన్నయ్యగారూ, బ్యాంకు వాళ్ళు సర్టిఫికెట్ అడుగుతున్నారు. అది ఎక్కడ ఇస్తారో కూడా నాకు తెలియదు. ఎప్పుడూ అన్నీ ఆయనే చూసేవారు’ అంది. ఆమె చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. అందులో ఆసుపత్రి బిల్లులన్నీ ఉన్నాయి. కావలసిన కాగితం ఒక్కటీ లేదు.

ఆ సంచిలో ఏముండాలో మీలో చాలామందికి తెలియకపోవచ్చు, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ఇంట్లో మరణం జరిగితే ఇంటివారు తెలపాలి. ఆసుపత్రిలో జరిగితే తెలపవలసిన బాధ్యత ఆసుపత్రిదే. గడువు 21 రోజులు. ఆ లోపల అయితే రుసుము లేదు, మొదటి ప్రతి ఉచితం. దాటితే ఆలస్య రుసుము. 30 రోజులు దాటితే పై అధికారి అనుమతి. ఏడాది దాటితే ఇంకా పెద్ద తతంగం. మరణ కారణాన్ని డాక్టరు విడిగా ఫారం 4లో రాసి రిజిస్ట్రారుకు పంపుతాడు. ఇంట్లో పోతే, చూసిన డాక్టరు ఫారం 4ఎ. ఇక్కడొక కిటుకు ఉంది. మన చేతికి వచ్చే మరణ సర్టిఫికెట్‌లో మరణ కారణం ఉండదు. ఉండకూడదు. చట్టంలోని 17వ సెక్షన్ అలా అంటుంది. మనిషి ఏ జబ్బుతో పోయాడన్నది ఊరికి చాటకూడదన్న మర్యాద అందులో ఉంది. మా తరం గుమాస్తాలు ఎవరెంత బతిమాలినా కారణం రాసి ఇచ్చేవాళ్ళం కాదు.

అదే మర్యాద 2021లో ఆపద అయింది. సుప్రీంకోర్టు జూన్ 30న తీర్పు చెప్పడంతో, కరోనాతో పోయినవారి కుటుంబానికి 50,000 రూపాయలు ఇవ్వాలని ఆ ఏడు సెప్టెంబరులో నిర్ణయించారు. అక్టోబరులో కోర్టు దానికి ఆమోదం తెలిపింది. పరీక్షలో తేలిన 30 రోజులలోపు పోతే, ఆసుపత్రి బయట పోయినా సరే, కరోనా మరణంగానే లెక్క అన్నారు. కానీ కుటుంబం చేతిలో ఉన్న సర్టిఫికెట్‌లో కారణం లేదు. ఫారం 4 ఎక్కడో ఆఫీసులో ఉంది. మా చెల్లెలి విషయంలో ఆ ఫారంలో ‘గుండె, ఊపిరి ఆగి’ అని రాసి ఉంది. లోకంలో ఎవరు పోయినా చివరకు ఆగేది గుండే, ఊపిరే. అది కారణం కాదు, అది మరణమే. ఎందువల్ల ఆగిందన్నది కారణం. ఆ గడి ఖాళీగా ఉంది.

దానికి తోడు పేరులో ఒక అక్షరం పోయింది. పింఛను పుస్తకంలో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, ఆసుపత్రి కాగితంలో ఇంటిపేరే లేదు. బ్యాంకు దృష్టిలో ముగ్గురు మనుషులు. పేరు సవరణకు, కుటుంబ పింఛనుకు కలిపి మూడు నెలలు పట్టింది. నాకు ఆ పని తెలుసు, తిరగగలిగాను. తెలియని ఇల్లాలు ఏం చేస్తుంది? కరోనా సాయం కోసం పాజిటివ్ రిపోర్టు, ఆసుపత్రి కాగితాలు జతచేసి మీ సేవలో దరఖాస్తు పెట్టాం. జిల్లా కమిటీ చూసి మంజూరు చేసింది. యాభైవేలు వచ్చిన రోజున ఆమె ఏడ్చింది. డబ్బు కోసం కాదు. ‘ఆయన దేనివల్ల పోయారో ఇప్పటికి కాగితం మీద ఒప్పుకున్నారు అన్నయ్యగారూ’ అంది.

ఇది ఒక ఇంటి కథ కాదు. 2022 జనవరిలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన లెక్కల్లో, తెలంగాణలో అధికారికంగా నమోదైన కరోనా మరణాలు నాలుగు వేలకు లోపు. సాయం కోసం వచ్చిన దరఖాస్తులు 28 వేలు దాటాయి. దరఖాస్తులన్నీ నిజమని నేననను. ఇద్దరు వారసులు ఒకే మరణానికి పెట్టినవి ఉంటాయి, అర్హత లేనివి ఉంటాయి. అయినా అంత తేడా ఎక్కడి నుంచి వచ్చింది? ఆ సంవత్సరం ఫారం 4లో సరిగ్గా రాయని గడుల నుంచి చాలావరకు వచ్చిందని, ఆ రిజిస్టర్లతో బతికినవాడిగా నా నమ్మకం. మంచి మాట ఒకటి ఉంది. 2023లో ఆ చట్టాన్ని సవరించారు. అక్టోబరు 1 నుంచి అమలైంది. ఆసుపత్రి మరణ కారణం సర్టిఫికెట్‌ను రిజిస్ట్రారుకు పంపడమే కాక, దగ్గరి బంధువుకు ఒక ప్రతి ఇవ్వాలి. ఇది మీ హక్కు. అడిగి తీసుకోండి. బాధలో ఉన్నప్పుడు ఎవరికీ గుర్తుండదు. అందుకే ఇంట్లో పిల్లలకు ఇప్పుడే చెప్పి ఉంచండి.

పింఛను సంగతి చెప్పకుండా పెన్షనర్ల సభలో నుంచి దిగిపోతే మీరు ఊరుకోరు. మనం ఈ రోజు, డిసెంబరు 17ను, పండుగ చేసుకునేది 1982లో నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల. పింఛను దయాధర్మం కాదు, చేసిన సేవకు హక్కుగా వచ్చేది అన్నది ఆ తీర్పు సారం. 2020 మార్చి 30న రాష్ట్రంలో వచ్చిన ఉత్తర్వు ప్రకారం ప్రజాప్రతినిధులకు 75 శాతం, అఖిల భారత సర్వీసు వారికి 60, ఉద్యోగులకు 50, నాలుగో తరగతి వారికి 10 శాతం జీతం వాయిదా. పెన్షనర్లకూ 50 శాతం. మరుసటి నెల పెన్షనర్లకు ఆ కోత 25 శాతానికి తగ్గింది. ఏ చట్టం కింద ఆపారని హైకోర్టు అడిగింది. జూన్‌లో ఆర్డినెన్సు తెచ్చారు. తరువాత ఆ సొమ్ము వాయిదాలలో తిరిగి ఇచ్చారు. పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి వాయిదా మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2021 ఫిబ్రవరి 8న, ఆపిన సొమ్ము 6 శాతం వడ్డీతో ఇవ్వాలని తేలింది. కేంద్రంవారు కోత పెట్టలేదు గానీ, 2020 జనవరి నుంచి 2021 జూన్ వరకు మూడు విడతల కరువు భృతి ఆపి, 2021 జులై నుంచి 17 శాతాన్ని 28 చేశారు. ఆ పద్దెనిమిది నెలల బకాయి ఇవ్వలేదు. మన రైల్వే మిత్రులకు ఆ లెక్క పైసలతో సహా కంఠతా వచ్చు.

ఖజానాకు రాబడి పడిపోయిన మాట నిజం. నేను లెక్కలు చూసినవాణ్ణి, కాదనను. కానీ ఉద్యోగికీ పెన్షనరుకూ ఒకటే కత్తెర వేయడం సబబు కాదని నా వాదన. ఉద్యోగికి రేపు ఇంక్రిమెంటు ఉంటుంది, పదోన్నతి ఉంటుంది. డెబ్బై అయిదేళ్ళ మనిషికి మందుల షాపువాడు సగం బిల్లు వాయిదా వేయడు కదా!

అదే కాలంలో మనకు మేలు కూడా జరిగింది. లైఫ్ సర్టిఫికెట్. బతికి ఉన్నానని రుజువు చేసుకోవడానికి నవంబరులో బ్యాంకు ముందు నిలబడి సగం చచ్చే పద్ధతి పోయింది. జీవన్ ప్రమాణ్ 2014లోనే వచ్చినా మనలో ఎక్కువమంది దాని జోలికి పోలేదు. 2020లో గడువు మొదట డిసెంబరు 31 దాకా, తరువాత 2021 ఫిబ్రవరి ఆఖరు దాకా కేంద్ర పెన్షనర్లకు పొడిగించారు. పోస్టుమాన్ ఇంటికి వచ్చి వేలిముద్ర తీసుకునే ఏర్పాటు ఆ నవంబరులోనే వచ్చింది. మరుసటి సంవత్సరం ముఖం చూపిస్తే చాలన్నారు. రాష్ట్ర పెన్షనర్లకు ఫోనులో సెల్ఫీ పద్ధతి ఉంది. వేళ్ళ గీతలు అరిగిపోయిన ముసలి చేతులకు ఇది వరం. అయితే ముఖం గుర్తుపట్టే ఫోను ఇంట్లో ఉండాలి, అది నొక్కే మనవడు ఊళ్ళో ఉండాలి. ఒంటరిగా ఉన్నవారి కోసం కౌంటరు కూడా ఉండాలి. ఫోను వచ్చింది కాబట్టి కౌంటరు ఎత్తేస్తామంటే మనం ఒప్పుకోకూడదు. ఈ విషయమై సంఘం తరఫున ఒక తీర్మానం ప్రతిపాదిస్తున్నాను. కార్యదర్శిగారు తీర్మానాల సమయంలో చదువుతారు.

ఇక నా చివరి మనవి. ఒక నోటు పుస్తకం నమూనా తయారుచేసి తెచ్చాను. అధ్యక్షులవారి బల్ల మీద ప్రతులున్నాయి. నాలుగే పేజీలు. మీ పేరు పింఛను పుస్తకంలో ఎలా ఉందో, ఆధార్‌లో ఎలా ఉందో, బ్యాంకులో ఎలా ఉందో పక్కపక్కనే రాయాలి. భార్య లేక భర్త పేరూ అంతే. ఉమ్మడి ఖాతా నెంబరు, పింఛను పుస్తకం ఎక్కడ పెట్టారో, మరణం సంభవిస్తే ముందుగా ఎక్కడికి వెళ్ళాలో, ఎవరికి ఫోను చేయాలో. పేర్లలో తేడా ఉన్నవారు వచ్చే గురువారం నుంచి పదకొండు గంటలకు ఇక్కడికే, సంఘం గదికి రండి. నేనూ, ట్రెజరీలో చేసి రిటైరయిన మరో మిత్రుడూ కూర్చుంటాం. సవరణ దరఖాస్తులు రాసిపెడతాం. రుసుము లేదు. అక్కయ్యలు, చెల్లెళ్ళు తప్పకుండా రావాలి. ఆయన చూసుకుంటారులే అని ఇంట్లో ఉండిపోవద్దు. మెట్లు ఎక్కలేనివారు కబురు పెడితే మేమే ఇంటికి వస్తాం. వచ్చేటప్పుడు అసలు కాగితాలతో పాటు ఒక్కొక్క జిరాక్స్ తెచ్చుకోండి. పక్క జిరాక్స్ షాపు గురువారం మూసి ఉంటుంది.

సెలవు.